కాలిన మోటారు సాక్ష్యం

పల్నాడులో సాగర్ కుడి కాలవ కింద ఒక మండల కేంద్రం. అక్కడ బస్టాండు వెనక ఒక మోటారు వైండింగ్ షాపు. మిర్చికి తడి పెట్టే రోజులొస్తే ఆ షాపు ముందు కాలిన మోటార్లు వరసగా పడుంటాయి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు చదివి బయటికొచ్చిన ఒక కుర్రాడు అందులో పనికి కుదిరాడు. మొదట్లో అతని పనల్లా కాలిన రాగి పీకడం, స్లాట్లు గీకి శుభ్రం చేయడం, ఇన్సులేషన్ పేపరు కత్తిరించడం. మూడో నెలలో ఓనరు అతని ముందు ఒక మూడు హెచ్‌పీ మోటారు పెట్టి, "ఇది నువ్వే చుట్టు" అన్నాడు.

ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పుతుందని తలెత్తకుండా కూర్చుని ఫార్మా మీద చుట్లు చుట్టాడు. కాయిల్స్ స్లాట్లలోకి దించాడు. వెదురు పుల్లలు కొట్టి, కాటన్ టేపుతో కట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టాడు. మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూస్తే రీడింగ్ బాగుంది. రైతు వచ్చి ట్రాక్టరులో వేసుకుపోయాడు.

నాలుగో రోజు పొద్దున్నే అదే మోటారు వెనక్కొచ్చింది. విప్పకముందే మాడిన వార్నిష్ వాసన కొడుతోంది. తెచ్చిన రైతు నాలుగు మోటార్లున్న ఆసామి, షాపుకి నిరుటి బాకీ ఇంకా తీర్చాల్సిన మనిషి. తోట వాడిపోతోందని కేకలేశాడు. ఓనరు మూత తీసి ఒక్కసారి లోపలికి చూసి, వెంటనే మూసేశాడు. కుర్రాడి వైపు తిరిగి, "చేతకాని పని చేసి నా షాపు పరువు తీశావు. రేపట్నుంచి రావద్దు" అన్నాడు. ఆ నెల పద్దెనిమిది రోజులు పనిచేశాను, జీతం ఇవ్వమంటే, "మరి రాగి ఖర్చు ఎవడిస్తాడ్రా?" అన్నాడు. బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నవాళ్లంతా విన్నారు.

కుర్రాడు ఇంట్లో చెప్పలేదు. అమ్మ కట్టిచ్చిన క్యారియర్ పట్టుకుని రోజూ పనికి వెళ్లినట్టే బయల్దేరి, కాలవ గట్టు మీద కూర్చుని, మధ్యాహ్నం ఆ అన్నం తిని సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. తన చేతులు ఈ పనికి పనికిరావని తీర్మానించుకున్నాడు. హైదరాబాద్ వెళ్లి ఏదైనా అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా చేరదామనుకున్నాడు.

గట్టు దిగువన పాత రాగి కొనే ముసలాయన కొట్టం ఉంది. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో పేరున్న వైండరు ఆయన. చెయ్యి వణకడం మొదలయ్యాక చుట్టడం మానేశాడు. ఇప్పుడు షాపులో రాగి పీకే కుర్రాడు లేకపోవడంతో ఓనరు కాలిన మోటార్లను ఈయన దగ్గరికే పంపిస్తున్నాడు. ఒక మధ్యాహ్నం ముసలాయన గట్టు మీదికి కేకేశాడు.

"ఇట్రా అబ్బాయ్. ఇది నువ్వు చుట్టిందేనా?"

కుర్రాడు దిగి వచ్చి చూశాడు. ఆ కట్టు తనదే.

"రంగు చూసి చెప్పు."

కుర్రాడు స్టేటరును వెలుతురు వైపు తిప్పాడు. కొన్ని కాయిల్స్ బొగ్గయిపోయాయి. వాటి మధ్య మధ్యలో కొన్ని మాత్రం వార్నిష్ మెరుపు కూడా పోకుండా, చుట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వేలు పెట్టి గుంపులు లెక్కపెట్టుకుంటూ పోయాడు. సగంలోనే వేలు ఆగింది.

"రెండు ఫేజులు మాడాయి తాతా. ఒకటి కొత్తగానే ఉంది."

"కనెక్షనేంటి?"

"స్టార్. అంటే... లైనులో ఒక ఫేజు పోయింది. మిగతా రెండే లోడంతా లాగి కాలిపోయాయి."

"నీ చుట్టులో లోపం ఉంటే?"

"ఏదో ఒక చోట చుట్లు కలిసిపోయి, అక్కడే మాడేది."

"లోడు ఎక్కువైతే?"

"మూడు ఫేజులూ సమంగా నల్లబడేవి."

ముసలాయన తలూపాడు. "స్టార్టర్లో ప్రివెంటర్ ఉంటే ఫేజు పోగానే మోటారు ఆగిపోయేది. ఊరికే ఆగిపోతోందని ఆ రైతు దాన్ని పీకించి డైరెక్టు చేయించుకున్నాడంట, ట్రాక్టర్ డ్రైవరు చెప్పాడు. డైరెక్టు చేసింది మీ ఓనరు బామ్మర్దే."

"మరి మా ఓనరుకి తెలియదా?"

"మూత తీసిన క్షణమే తెలిసుంటది. ఆ రైతును తప్పు పడితే నాలుగు మోటార్ల ఖాతా పోతుంది, నిరుటి బాకీ పోతుంది. నిన్ను తీసేస్తే మూడు నెలల కుర్రాడు పోతాడు. ఆయన లెక్క అది."

కుర్రాడు స్టేటరు భుజానికెత్తుకున్నాడు. బస్టాండు మధ్యలో పెట్టి నలుగురికీ చూపిస్తానన్నాడు. ముసలాయన దాన్ని దింపించి, కాలని వైపు తిప్పాడు.

"ఇది కూడా చూసి వెళ్లు. రెండు ఫేజుల మధ్య పేపరు ఇక్కడ వేలెడు పొట్టిగా పెట్టావు. ఇప్పుడు కాలింది దీనివల్ల కాదు. కానీ రెండేళ్లకో మూడేళ్లకో దీనివల్లే కాలేది. ఇంత మోటారులో నీ తప్పు ఈ పేపరు ముక్క వరకే."

కుర్రాడు ఆ పేపరు అంచును చాలాసేపు చూశాడు.

మర్నాడు ఇంకా గిరాకీ మొదలవకముందే షాపుకి వెళ్లాడు. "మోటారు రెండు ఫేజులే కాలింది సార్, మీరూ చూశారు. పని ఇవ్వమని అడగడానికి రాలేదు. పద్దెనిమిది రోజుల జీతం ఇవ్వండి" అన్నాడు. ఓనరు కాసేపు రోడ్డు వైపు చూసి, సగం అప్పుడే ఇచ్చాడు, మిగతా సగం వారం తిరిగాక ఇచ్చాడు. తప్పు నాదేనని మాత్రం అనలేదు. షాపుకి వెళ్లొచ్చిన రోజు రాత్రే కుర్రాడు అమ్మకి జరిగిందంతా చెప్పాడు. తర్వాత నరసరావుపేటలో ఇంకో షాపుకి వెళితే, అక్కడెందుకు మానేశావని అడిగారు. మోటారు ఎలా కాలిందో చెప్పి, తాను పేపరు పొట్టిగా పెట్టిన సంగతీ చెప్పాడు. ఆ షాపాయన మూలనున్న ఒక కాలిన స్టేటరును కాలితో ముందుకు నెట్టి, "ఇదెందుకు కాలిందో చెప్పు చూద్దాం" అన్నాడు.

నీతి

అన్యాయంగా పనిలోంచి తీసేసినవాడికి పోయేది జీతం ఒక్కటే కాదు. కొత్తగా పనిలో చేరినవాడికి తన చేతి మీద తనకింకా గురి కుదిరి ఉండదు. "చేతకాదు" అని ఓనరు అంటే అది నిజమేనని నమ్మేస్తాడు. ఓనరు ఆ మాట పని చూసి అన్నాడా, బాకీల పుస్తకం చూసి అన్నాడా అన్నది అతనికి అంతుపట్టదు. అందుకే ఆ పని తెలిసిన మూడో మనిషికి చేసిన పనిని చూపించాలి. అయ్యో పాపం అనేవాళ్లు ఊరంతా ఉంటారు. ఏది నీ తప్పు, ఏది కాదో వేలు పెట్టి చూపించగలిగిన మనిషి మాత్రం ఒకరిద్దరే ఉంటారు, వాళ్లను వెతుక్కోవాలి. వాళ్లు చూపించే చిన్న లోపాన్ని కూడా తీసుకోవాలి. అది తీసుకోగలిగిన కుర్రాడికి, మిగతా నింద తనది కాదని చెప్పేటప్పుడు గొంతు తడబడదు.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. చేరి మూడు నెలలైన మనిషికి ఉద్యోగం తిరిగి ఇప్పించడం కష్టమే. ముందస్తు నోటీసు, పరిహారం లాంటివి కొంతకాలం సర్వీసు నిండినవాళ్లకే గట్టిగా వర్తిస్తాయి. జీతం విషయం వేరు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన 2019 నాటి వేతనాల కోడ్ ప్రకారం, పనిలోంచి తీసేసినవాడికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. అంతకుముందు 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం చెప్పిందీ అదే. నష్టం జరిగిందని జీతంలో కోత పెట్టాలంటే, ఆ నష్టం పనివాడి నిర్లక్ష్యం వల్లే నేరుగా జరిగి ఉండాలి, అతని సంజాయిషీ అడిగి ఉండాలి. "రాగి ఖర్చు కింద పట్టుకున్నా" అంటే చెల్లదు. ఓనరు ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళ్లాలి. ఫిర్యాదుకి మూడేళ్ల గడువుంది. అందుకే పనిలో చేరిన రోజు నుంచే హాజరు ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి, ఫోన్‌పేలో జీతం పడ్డ వివరాలు చెరిపేయకూడదు. చిన్న షాపుల్లో అపాయింట్‌మెంట్ ఆర్డరు ఇచ్చేవాళ్లు అరుదు, అలాంటప్పుడు ఈ కాగితాలే సాక్ష్యం.

ఇంట్లో దాచకూడదన్నది ఇంతకన్నా ముఖ్యమని నా నమ్మకం. క్యారియర్ పట్టుకుని గట్టు మీద గడిపిన ఆ రోజుల్లో కుర్రాడు ఎవరితోనూ మాట్లాడలేదు. చెవిలో మోగింది ఓనరు మాట ఒక్కటే.

షాపుల ఓనర్లకూ ఒక విన్నపం. వైండింగ్‌కి కుర్రాళ్లు దొరకడం లేదని మీరే అంటుంటారు. కాలిన మోటారు వెనక్కి వచ్చినప్పుడు ఎంత పెద్ద ఖాతాదారు ఎదురుగా ఉన్నా సరే, చుట్టిన కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మూత విప్పండి. ఏ కాయిల్స్ కాలాయో అతన్నే చెప్పనివ్వండి. ఆ తర్వాత కూడా తీసేయాలనిపిస్తే, పనిచేసిన రోజుల డబ్బు లెక్కగట్టి చేతిలో పెట్టి పంపండి.