బాలకథలో భయము ఉండవలెనా?

సూర్యాపేటలో మా మనుమరాలికి ఎవరో ఒక బొమ్మల పుస్తకమును బహూకరించిరి. ఎఱ్ఱ టోపీ ధరించిన పాప అడవిదారిని అమ్మమ్మ యింటికి పోవుట, తోడేలు పొంచియుండుట అందలి కథ. ఆ పుస్తకములో తోడేలు ఎవరిని తినదు. కేకలు విని పాఱిపోవును. 1697లో ఫ్రాన్సు దేశమున పెరో ప్రకటించిన కథ తోడేలు పాపను మ్రింగుటతో ముగియును. 1812లో జర్మనీ దేశపు గ్రిమ్ సోదరులు వేటకానిని ప్రవేశపెట్టి పాపను, అమ్మమ్మను బ్రతికించిరి. నేటి పుస్తకములు కొన్ని మ్రింగుటనే తొలగించినవి. పసివారు భయపడరాదని గదా వారి తలంపు!

నేనును అట్లే చేసితిని. కోదాడ మీదుగా మట్టపల్లి నరసింహస్వామి దర్శనమునకు పోవుచు బస్సులో పాపకు ప్రహ్లాదచరిత్రము చెప్పితిని. స్తంభము పగిలిన పిదప "స్వామి వచ్చెను, అందఱును సుఖముగా నుండిరి" అని ముగించితిని.

"తాతయ్యా, మరి ఆ రాజు ఏమయ్యాడు? మళ్ళీ వస్తాడా?" అని పాప అడిగినది. నేను మాట దాటించితిని. ఆ రాత్రి సత్రములో పాపకు నిద్రపట్టలేదు. భయమును తొలగించితినని తలచి, దానికి అంతమే లేకుండ చేసితిని.

వ్యాసభగవానుడు ఇట్లు చేయలేదు. భాగవత సప్తమస్కంధమున హిరణ్యకశిపుని వధ దాపఱికము లేక చెప్పబడినది. ఆ ఉగ్రరూపమును సమీపింప లక్ష్మీదేవియు జంకగా, బ్రహ్మ బాలుడైన ప్రహ్లాదుని పంపెను. తనకు ఆ గోళ్ళవలన భయము లేదనియు, సంసారచక్రమే భయంకరమనియు ఆ బాలుడు విన్నవించెను. పిమ్మట తండ్రి పాపము పోవలెనని వేడగా, 21 తరముల పితరులతో గూడ అతడు పవిత్రుడయ్యెనని స్వామి పలికెను. ఆ దైత్యుడు శాపవశమున జన్మించిన వైకుంఠ ద్వారపాలకుడే గదా! వధను దాచిన నేను, దానితోపాటు స్వామి కరుణను సైతము దాచితిని.

పసివారికి రక్తపాతమును వర్ణింపవలెనా? అక్కఱలేదు. వయస్సునుబట్టి వర్ణన తగ్గింపవచ్చును. అధర్మమునకు కలిగిన ఫలమును మాత్రము మార్చరాదు. బొమ్మ యెదుట బిడ్డను ఒంటరిగా విడువక, పెద్దలు ప్రక్కన కూర్చుండవలెను.

మఱునాడుదయము పాపకు కథను పూర్తిగా చెప్పితిని. తరువాతి నెలలో మిర్యాలగూడ మీదుగా పోయి, కృష్ణా మూసీ సంగమమున వాడపల్లి నరసింహుని సేవించితిమి. స్వామి నాసిక చెంతనున్న దీపము ఉచ్ఛ్వాస నిశ్శ్వాసములకు కదలుననియు, రెండవది నిశ్చలముగా నుండుననియు అచటి పెద్దలు చెప్పుదురు. పాప ఆ రెండింటిని తేఱిపాఱజూచి, నా చేయి విడిచి, ముందుకు పోయి నమస్కరించినది.