పెంపుడుపాము – పోషకుని ధర్మము

పామునకు పాలుపోసి పెంచినట్లని మనలో నొక సామెత కలదు. మేలుచేసినవానికే కీడు తలపెట్టు వానిని నిందించుటకై దీనిని వాడుదురు. ఈ సామెత వినబడినపుడెల్ల నాకొక సందేహము కలుగుచుండును. పాము పాలను ఎప్పుడడిగినది? పాలు మనకు ప్రియములు. మన పసిబిడ్డలకు ప్రాణాధారములు. కావున పామునకును ప్రియములే యనుకొంటిమి. దాని తల్లి దానికి పాలిచ్చి యెఱుగదు. నాగులచవితినాడు భక్తితో పుట్టలో పోసిన పాలు దానికి ఆహారము కావు. పాములవాడు దానిని దినములతరబడి నీరు లేక మాడ్చి, పిమ్మట పాలగిన్నె ముందుంచినపుడు అది త్రాగినచో, త్రాగించినది దాహమే కాని యిష్టము కాదు. ఆ పాలవలన అది జబ్బుపడుటయు, చచ్చుటయు గూడ కలదు. మన యిష్టమును దాని నోట బోసితిమి. దానికి కృతజ్ఞత లేదని సామెత కట్టితిమి.

మఱియొక ప్రాణి యాహారమును మన మనస్సునకు నచ్చినట్లు మార్చుటకు మనకు గల యధికారమెంత? ఈ ప్రశ్న నేడు పాశ్చాత్యదేశముల గృహములలో వేఱొక రూపమున కనబడుచున్నది. అమెరికా, ఇంగ్లండు మొదలగు దేశములలో కుక్కను, పిల్లిని పెంచినట్లే పామును పెంచువారు పెక్కుమంది కలరు. వారిలో ననేకులకు ఇష్టమైనది బాల్ పైథాన్ అను చిన్నజాతి కొండచిలువ. దీనినే ఇంగ్లండులో రాయల్ పైథాన్ అందురు. పశ్చిమ, మధ్య ఆఫ్రికాదేశములు దాని జన్మభూమి. పెరిగినను అది సాధారణముగా అయిదడుగులకు మించదు. విషము లేదు. భయపడినపుడు తలను లోపల దాచుకొని బంతివలె చుట్టుకొనునేగాని, కఱవవచ్చుట తక్కువ.

ఇంత సాధువైన ప్రాణికి ఆహారవిషయమున మాత్రము పట్టుదల మెండు. చిట్టెలుకలకు మరిగిన పాము పెద్దజాతి యెలుక పిల్లను ముట్టదు. బ్రదికియున్న యెఱకు అలవాటుపడినది చచ్చిన యెఱను ముట్టదు. వారములు గాదు, నెలలే యుపవసించును. పోషకుడు విసిగి, ఇది పేచీకోరు పామని పేరుపెట్టును.

పేచీ యెవరిదో తేల్చుటకు ముందు, పోషకుడు ఎఱను మార్చదలచుటకు గల కారణములను విచారింపవలెను. మొదటిది సౌకర్యము. పెరిగిన చిట్టెలుక తూకము సాధారణముగా ఇరువది ముప్పది గ్రాములుండును. పాము పెరిగినకొలది దానికి పూటకు మూడు నాలుగు చిట్టెలుకలు కావలసివచ్చును. ఎలుకయైనచో నొకటి చాలును. రెండవది పాముయొక్క క్షేమము. బ్రదికియున్న యెలుకను పాముతో నొకే పెట్టెలో విడిచినచో, ఆకలి లేని పాము దానిని పట్టదు. భయపడిన యెలుక పామునే కఱచును. అట్టి గాట్లవలన పాములు కన్ను పోగొట్టుకొనుటయు, చచ్చుటయు జరిగియున్నది. మూడవది యెఱయొక్క బాధ. తప్పించుకొనుటకు త్రోవ లేని పెట్టెలో శత్రువునెదుట నిలిచిన ప్రాణి పడు భయము, అడవిలో పరుగెత్తి తప్పించుకొనగల ప్రాణి భయముకంటె హెచ్చైనది. కావుననే ముందుగానే చంపి, మంచుగడ్డవలె గడ్డకట్టించి యుంచిన యెలుకలను కొనితెచ్చి, కరగించి, వెచ్చచేసి పెట్టుట నేడు మంచి పద్ధతిగా నెన్నబడుచున్నది.

ఈ మూడింటిలో మొదటిది పోషకునికొఱకు, రెండవది పాముకొఱకు, మూడవది యెఱకొఱకు. మూడును ఒకే మార్పునకు దారితీయుటచేత మన బుద్ధి మోసపోవును. సౌకర్యమునకై చేయు పనికి దయయని పేరు పెట్టుట మనుష్యునకు సులభము. అయినను నాలుగు చిట్టెలుకలకు బదులొక యెలుకతో పూట గడచినచో, నాలుగు ప్రాణములకు బదులు ఒక ప్రాణమే పోవును గదా! ప్రాణములను లెక్కబెట్టుట ధర్మనిర్ణయమునకు చాలదు. కాని లెక్కబెట్టకుండుట అంతకంటె మేలు కాదు.

పాము నిరాకరించుటకు హేతువేమి? మనవలె అది రుచిచేత నిరాకరింపదు. పాము నాలుకతో గాలిలోని వాసనలను గ్రహించి, అంగిటిలోనున్న యొక యింద్రియమునకు అందించును. ఈ జాతిపాము పెదవుల వెంబడి చిన్న చిన్న గుంటలుండును. వానిచేత వెచ్చని దేహము ఎచ్చటనున్నదో చీకటిలోనే తెలిసికొనును. ఇట్టి ప్రాణికి చల్లనిది, కదలనిది, తెలియని వాసన గలది యెదుట పడినచో, అది యెఱ యని తోచనే తోచదు. మనము దానిని పేచీ యనుచున్నాము. అది దానికి గుర్తు తెలియకపోవుట మాత్రమే. మఱియు మార్పు దాని స్వభావమునకు విరుద్ధము కాదు. ఆగ్నేయ నైజీరియా యడవులలోని యీ పాములను గూర్చి 1998లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, పిన్నపాములు మిక్కిలిగా పక్షులను, పెద్దవి మిక్కిలిగా చిన్న క్షీరదములను తినుచున్నట్లు తేలినది. వయస్సుతోపాటు ఎఱను మార్చుకొనుట అది తానై చేయుచున్నదే. తొందర దానిది కాదు, మనది.

కావున తెలిసిన పోషకుడు మార్పును పాము తెలివినుండియే మొదలుపెట్టును. చిట్టెలుకంత పరిమాణము గల యెలుకపిల్లనే యెన్నుకొనును. దానిని చిట్టెలుకలు పండుకొనిన పొట్టులో దొర్లించి ఆ వాసన పట్టించును. గోరువెచ్చని నీటిచేత దానికి బ్రదికినదాని వెచ్చదనము కలిగించును. వండుట మాత్రము చేయడు. సాయంకాలము మసకచీకటివేళ, పొడవైన పట్టకారుతో పట్టుకొని, ప్రాణమున్నట్లు మెల్లగా కదలించును. ముందు అలవాటైన చిన్న యెఱను పెట్టి, పాము ఇంకను నోరు సవరించుకొనుచుండగనే క్రొత్తదానిని అందించును. నిరాకరించినచో తీసివేసి, వారము పదిదినములు దాని జోలికి పోడు. పామును తూచి లెక్క వ్రాసికొనుచుండును. తూకము తరుగుచున్నచో పంతము విడిచి పాతయెఱనే పెట్టును. జబ్బేమోయని పశువైద్యునికి చూపును. పెట్టెలో వెచ్చదనము చాలకపోయినను, దాగుటకు చోటు లేకపోయినను పాము తినదు గావున, ముందు తన యేర్పాటులనే పరీక్షించుకొనును.

దీనికి విరుద్ధమైన త్రోవయు నొకటి కలదు. ఆకలి ముదిరినపుడు అదియే తినునని పామును మాడ్చుట; నోరు తెఱచి బలవంతముగా కుక్కుట. నేను బడిపంతులను. పాఠము రాని బాలుని మధ్యాహ్నభోజనమునకు పోనీయక నిలబెట్టిన యుపాధ్యాయుల కాలమును గూర్చి మన పెద్దలు చెప్పగా వినియున్నాము. ఆకలి బాలునికి లెక్కలు నేర్పలేదు. గురువునకు భయపడుటను నేర్పినది. తెలిసినదానినుండి తెలియనిదానికి తీసికొనిపోవుటయే బోధ, తక్కినది దండన. పామునకు దండన యన నేమో కూడ తెలియదు.

ఇచట అహింసావాది యొక యాక్షేపణ చేయును. 'ఎలుక చచ్చుట తప్పలేదు. మీ యెదుట చావవలసినది మఱియొకచోట చచ్చినది. ఇందులో దయ యెక్కడిది?' ఈ మాటను త్రోసిపుచ్చరాదు. మంచుపెట్టెలోనుండి తీసిన యెలుకకు కన్నీరు లేదు, కేక లేదు. కాని అదియు నొకప్పుడు బ్రదికియుండినదే. దానిని పెంచినవారు ఇఱుకుపెట్టెలో పెంచిరా? ఎట్లు చంపిరి? బొగ్గుపులుసు వాయువుతో చంపుట వాడుకలోనున్నది. అయితే ముందే ఆ వాయువుతో నిండిన పెట్టెలో ప్రాణిని వేయరాదనియు, వాయువును క్రమముగా నింపవలెననియు అమెరికా పశువైద్యసంఘము నియమము. ఈ సంగతులను అడిగి తెలిసికొని కొనువాడు దయాళువు. అడుగక, చూడక, తన చేతికి నెత్తురంటలేదని సంతసించువాడు తెఱవెనుకకు పోయిన పాపమును పోయినదనుకొనువాడు.

మన పురాణములలో ఈ చిక్కు క్రొత్తది కాదు. పావురమును కాపాడిన శిబిచక్రవర్తిని డేగ, తన యాకలి మాటేమని యడిగినది. రాజు డేగను గింజలు తినుమని శాసింపలేదు. దాని యాకలి న్యాయమని యొప్పుకొని, తన శరీరమునే కోసి తూచియిచ్చెను. శ్రీహర్షుని నాగానందమున గరుత్మంతునకు దినమునకొక నాగుడు ఎఱ. జీమూతవాహనుడు ఆ యేర్పాటును తిట్టుచు కూర్చుండలేదు. నాగునికి మాఱుగా తానే వధ్యశిలనెక్కెను. అది చూచి పశ్చాత్తప్తుడై గరుత్మంతుడు ఆ హింసను మానుకొనెను. గరుత్మంతునకు వివేకము కలదు గనుక మానగలిగెను. పామునకు అది లేదు, ఉండవలసిన పనియు లేదు. కాని యీ రెండు కథలలోను ఒక న్యాయము సమానముగా నున్నది. ఎఱను మార్పదలచినవాడే ఆ మార్పునకు వెల చెల్లించెను. తినువానిని మాడ్చి గాని, మఱియొక దుర్బలుని బలిపెట్టి గాని చెల్లింపలేదు.

పోషకుని ధర్మమునకు నాకు తోచిన కొలబద్ద ఇదియే. మార్పును కోరినవాడు మార్పుయొక్క వెలను తానే భరింపవలెను. ఓర్పు, కాలము, ధనము, చచ్చిన యెలుకను చేతబట్టు రోత, వారములతరబడి నిరాకరణము — ఇవన్నియు పోషకుని వంతు. ఆ వెలను పాము ఆకలిగా గాని, ఎలుక భయముగా గాని చెల్లింపవలసివచ్చినచో అది దయ కాదు, పెత్తనము. ఇంగ్లండులో 2006 నాటి జంతుసంక్షేమచట్టము, పెంచువాడు ప్రాణికి తగిన యాహారమును సమకూర్చితీరవలెనని విధించినది. తగినదనగా ప్రాణికి తగినది. పోషకుని మనస్సునకు తగినది కాదు.

శాకాహారము నియమముగా గల యింట నొక బాలుడు ఇట్టి పామును కోరినాడనుకొందము. విదేశములలో నివసించు మన కుటుంబములకు ఇది రాని ప్రశ్న కాదు. తండ్రి యేమి చెప్పవలెను? పామును శాకాహారిని చేయుట కుదరదు. మాంసము లేక అది బ్రదుకదు. తమ యింటి మంచుపెట్టెలో ఎలుకలనుంచుట ఒల్లనివారు, పామును తమ నియమమునకు వంచుటకు మాఱుగా తమ కోరికను వంచుకొనుట న్యాయము. ఆఫ్రికాలో డాసిపెల్టిస్ అను పాములు కలవు. అవి పక్షుల గ్రుడ్లను మాత్రమే మ్రింగి, మెడలోని వెన్నెముకల మొనలతో పగులగొట్టి, పెంకును బయటికి ఉమిసివేయును. గ్రుడ్డునకు సమ్మతించి ప్రాణహింసకు సమ్మతింపనివారికి అట్టి పామును ఎన్నుకొనుట యొక త్రోవ. దాని నోటికి పట్టు చిన్న గ్రుడ్లు ఏడాది పొడుగున దొరకునాయని ముందుగా చూచుకొనుట వారి వంతు. అసలు తేకుండుట మఱియొక త్రోవ. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము నాగుబాము, జెఱ్ఱిపోతు, కొండచిలువ మొదలగు మన పాములను ఇంట పెంచుకొననీయదు. ఆ నిషేధమునందును ధర్మము కలదు: అడవిలో దాని యాకలి దానిది, మన యింట దాని యాకలి మనది.

ఆ యాకలి ఒకనాటితో తీరునది కాదు. బాల్ పైథాన్ పెంపకమున ఇరువది ముప్పది యేండ్లు బ్రదుకుట సామాన్యము. 1961లో అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలకు ఒకరిచ్చిన పాము, 2020 జూలైలో, అఱువదిరెండేండ్లకు పైబడిన వయస్సున, ఏడు గ్రుడ్లు పెట్టినది. పదియేండ్ల బాలుడు ముచ్చటపడి కోరిన పామునకు అతడు నలువదియేండ్లవాడైనపుడును ఎఱ వెదుకవలసియుండును. ఇంటికి తెచ్చుటకు ముందే అడుగుకొనవలసిన ప్రశ్న, ఈ పాము ఏమి తినునని మాత్రమే కాదు. తినననినపుడు మనము ఎంతకాలము ఓర్వగలమని. ఓర్వలేనివాడు పామును పేచీకోరనక, ఓర్వగల మఱియొకరి చేతికి దానిని అప్పగించుట మేలు.