రేపటి వంతును అమ్ముకొనుట

ధ్యాన భాగము: యెషయా 39:1–8



హిజ్కియా రాజు తన ధనాగారమంతయు బబులోను దూతలకు చూపించెను. అదంతయు బబులోనునకు పోవునని, తన సంతతివారే చెరపట్టబడుదురని ప్రవక్త చెప్పగా, తన దినములలో సమాధానముండునుగదా అని రాజు తృప్తిపడెను. మనము చేయు పనికి వెల చెల్లించువారెవరు? ఆటల లోకములోని ఒక బేరముద్వారా దీనిని విచారింతము.

అమెరికా దేశపు బాస్కెట్‌బాల్ పోటీలైన ఎన్.బి.ఏ.లో ప్రతి సంవత్సరము క్రొత్త ఆటగాండ్రను జట్లు వంతులవారీగా ఎన్నుకొనును. దీనిని డ్రాఫ్ట్ అందురు. ఎక్కువగా ఓడిన జట్లకు ముందు వంతు దొరకు అవకాశము ఎక్కువ; పడినవారు మరల లేచుటకే ఈ ఏర్పాటు. అయితే రాబోవు సంవత్సరముల వంతులను జట్లు ముందుగానే ఇచ్చివేయవచ్చును.

2013లో బ్రూక్లిన్ నెట్స్ జట్టు కెవిన్ గార్నెట్, పాల్ పియర్స్ మొదలగువారికొరకు, 2014, 2016, 2018 సంవత్సరముల మొదటి రౌండు వంతులను, 2017లో వంతు మార్చుకొను హక్కును బోస్టన్ సెల్టిక్స్ జట్టునకిచ్చెను. గార్నెట్‌కు అప్పటికే 37 ఏండ్లు, పియర్స్‌కు 35. 2015 నాటికి ఇద్దరును వెళ్లిపోయిరి. 2016–17లో నెట్స్ 82 ఆటలలో 20 మాత్రమే గెలిచెను. దానికి దక్కిన మొట్టమొదటి వంతు బోస్టన్‌కు పోయెను. 2016, 2017 వంతుల మూలముగా బోస్టన్‌లో చేరిన జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ 2024లో ఆ జట్టును విజేతగా నిలిపిరి.

ఫలితము చూచి నిందించుట సులభము, న్యాయము కాదు. ఏ యౌవనుడు ఎట్టి ఆటగాడగునో ముందుగా ఎవరెరుగుదురు? బేరమునాడు తెలిసినదానినిబట్టియే తీర్పు తీర్చవలెను. అయితే ఆనాడే తెలిసినది ఒకటి గలదు: జట్టు దిగజారినకొలది దాని వంతు విలువ పెరుగును. బలముగానుందుమని నమ్మి అమ్మినది, బలహీనులమైన దినముననే మనకు మిక్కిలి అవసరమగును. రేపేమి సంభవించునో మనకు తెలియదని యాకోబు పత్రిక (4:13–14) హెచ్చరించుచున్నది.

లేవీయకాండము 25వ అధ్యాయములో, భూమిని అమ్మువాడు సునాదసంవత్సరమువరకు మిగిలిన పంటలను లెక్కించి వెల కట్టవలెను, శాశ్వతముగా అమ్మరాదు. భూమి దేవునిది, బిడ్డల భాగము అందులో ఉన్నది. క్లీవ్‌లాండ్ జట్టు యజమాని టెడ్ స్టెపియన్ 1980 తరువాతి సంవత్సరములలో వంతులను విచ్చలవిడిగా ఇచ్చివేయగా, రాబోవు రెండు వరుస సంవత్సరములలో మొదటి రౌండు వంతు లేకుండ ఏ జట్టును ఉండరాదని ఎన్.బి.ఏ. నియమించెను. నెట్స్ ఈ నియమమును తప్పలేదు. సంవత్సరము విడిచి సంవత్సరము ఇచ్చి, నడుమ మార్పిడి హక్కునిచ్చెను. అక్షరము నిలిచినది, ఆత్మ నిలువలేదు.

అమ్ముట పాపము కాదు. అయితే ఈ యేటి లోటు తీర్చుటకు సంఘపు స్థలమును అమ్ముటకు కూర్చున్నప్పుడు, ఆ కూటములో లేని బిడ్డల పక్షమున ఎవరు మాటలాడుదురు? వారును మన ప్రక్కనే కూర్చున్నట్లు ఎంచి వెల కట్టుదము. అట్టి వివేకమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.