జాతి నిత్యమా?

సామాన్యము, అనగా జాతి, నిత్యము, ఏకము, అనేక వ్యక్తులయందు అనుగతము అని ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున నిర్ణయించెను. గోవులు పుట్టుచు గిట్టుచున్నను గోత్వము చెడదని తార్కికుల భావము. ఈ సిద్ధాంతమునకు అతికఠినమైన పరీక్ష, ఏ విద్వత్సభలోనో కాక, దక్షిణ అమెరికాకు పడమట సుమారు 1000 కిలోమీటర్ల దూరమున, అగ్నిపర్వతములచే నేర్పడిన గలాపగోస్ దీవులలో ఎదురైనది.

1835లో అచటికేగిన చార్లెస్ డార్విన్, మాకింగ్ బర్డులనెడు పక్షులు దీవి దీవికిని భేదించుట గమనించెను. ఆయన కొనివచ్చిన ఫించి పక్షులను 1837లో లండనున పరీక్షించిన పక్షిశాస్త్రజ్ఞుడు జాన్ గూల్డ్, అవి వేర్వేరు జాతులని తేల్చెను. ఏనాడో ప్రధానభూమినుండి వచ్చిపడిన కొలది పక్షుల సంతతి, నడుమ సముద్ర మడ్డుపడుటచే పూర్వబంధువులతో సంకరము లేక, తరతరములందు యాదృచ్ఛికముగా కలుగు మార్పులలో ఆయా దీవి గింజలకును పురుగులకును అనువైనవి నిలువగా, తక్కినవి నశింపగా, తుదకు మరల కలిసినను సాధారణముగా జతకూడనంతటి ఎడము నొందినది.

పాతజాతి ముగిసి క్రొత్తది ఆరంభమైన క్షణ మేది? అట్టి క్షణము లేదు. ఏ తల్లియు తన జాతికి చెందని పిల్లను కనలేదు. నన్ను మిక్కిలి కదిలించున దిదియే.

కావున జాతి కేవలము బుద్ధికల్పితమన్న బౌద్ధుల పక్షమే గెలిచినదందమా? అదియు నా కంగీకారము కాదు. పక్షుల నడుమనున్న ఆ ఎడము మన ఊహ కాదు, ప్రకృతిలోనిదే. జాతులు సత్యములే కాని వానికిని జననమరణములు కలవు. తర్కసంగ్రహమును పాఠము చెప్పు పండితులు, గోత్వముతోపాటు ఈ పక్షుల వృత్తాంతమును కూడ శిష్యులకు వినిపింపవలెనని నా ప్రార్థన.