తడిసిన ధాన్యం అడుగున ఉన్నప్పుడు

ఇంటికి చుట్టం వస్తున్నాడని కబురు అందగానే మన ఇళ్ళలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. వాకిలి శుభ్రమవుతుంది. పెట్టెలో దాచిన మంచి దుప్పటి మంచం మీదికి వస్తుంది. చిరిగిన చాప చుట్టుకుని మంచం కిందికి పోతుంది. బందరులోనైనా, గుడివాడలోనైనా, దివిసీమ లంకల్లోనైనా ఇదే మర్యాద. దీన్ని తప్పు పట్టవలసిన పని లేదు. అతిథిని గౌరవించడం విశ్వాసి లక్షణమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. మూడు రోజుల ఆతిథ్యం అతిథి హక్కు అనీ, ఆ పైన పెట్టేది దానమనీ తెలియజేశారు.

మరి ఒక దేశమే అతిథులను పిలిచినప్పుడు ఆ మర్యాద ఎంతవరకు వెళ్ళవచ్చు? చాప బదులు మనుషులనే మంచం కిందికి తోయవచ్చా? ఈ ప్రశ్న మాకు పుస్తకాల్లో దొరికింది కాదు. గుడివాడలో ఒక జుమా నమాజు తరువాత ఒక పెద్దాయన మా ముందు పెట్టాడు.

అవి 2023 సెప్టెంబరు రోజులు. అంతకు ముందు డిసెంబరు 1 నుంచి జి-20 దేశాల కూటమి అధ్యక్ష బాధ్యత మన దేశానికి వచ్చింది. దాదాపు 60 నగరాల్లో 200కు పైగా సమావేశాలు జరిగాయి. మన విశాఖపట్నంలో మార్చి 28, 29 తేదీల్లో మౌలిక సదుపాయాల మీద చర్చించే కార్యవర్గం కూర్చుంది. అప్పుడు విశాఖ గోడలన్నీ బొమ్మలతో నిండిపోయాయి. చివరికి సెప్టెంబరు 9, 10 తేదీల్లో ఢిల్లీ ప్రగతి మైదానంలోని భారత్ మండపంలో దేశాధినేతలు సమావేశమయ్యారు. ఒకే భూమి, ఒకే కుటుంబం, ఒకే భవిష్యత్తు అన్నది ఆ సదస్సు నినాదం. ఎంత చక్కటి మాట! కానీ అదే రోజుల్లో ఢిల్లీలో అతిథుల కార్లు వెళ్ళే దారుల పక్కన ఉన్న కొన్ని మురికివాడలకు ఆకుపచ్చ తెరలు కట్టారు. తెర ఇవతల పూలకుండీలు, ఫౌంటెన్లు. తెర అవతల అదే కుటుంబానికి చెందిన మనుషులు.

ఆ ఫొటో ఉన్న పేపరు చేతిలో పట్టుకుని పెద్దాయన అడిగాడు. రైస్ మిల్లులో గుమాస్తాగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి.

"మౌల్వీ సాబ్, దీన్ని అందరూ తిడుతున్నారు. మా ఇంటికి సమధి గారొస్తే మా ఆవిడ కూడా చిరిగిన పరదా తీసి కొత్తది కడుతుంది గదా! ఇందులో గునాహ్ ఏముంది?"

"చాచా, పరదా కట్టడం వేరు, మనిషిని దాచడం వేరు" అన్నాము.

"ఎట్లా వేరు? చెప్పండి. పేదరికం కనపడకుండా చేయడమే గదా రెండూ!"

మా దగ్గర అప్పటికప్పుడు సరైన జవాబు లేదు. వచ్చే జుమాకు చెబుతామని తప్పించుకున్నాము. ఆ వారమంతా ఆయన ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఎందుకంటే ఆయన మాటలో బలముంది. తమ లేమిని తామే కప్పుకుని, ఎవరినీ చేయి చాచి అడగని నిరుపేదలను దివ్య ఖుర్ఆన్ 'అల్ బఖర' సూరాలో ప్రశంసించింది. వారి ఆత్మాభిమానం చూసి, తెలియనివారు వారిని కలిగినవారిగా భావిస్తారని చెప్పింది. అంటే లేమిని కప్పుకోవడం నింద్యం కాదు, గౌరవమే. సాటివాని లోపాన్ని కప్పి ఉంచినవాని లోపాలను అల్లాహ్ కప్పి ఉంచుతాడన్న బోధ కూడా మనకుంది. అలాంటప్పుడు ఆకుపచ్చ తెర కట్టినవాడు కూడా అదే పని చేశాడని అనవచ్చు కదా?

అనలేము. ఎందుకో మెల్లగా చూద్దాం.

ఒకటి, కప్పుకోవడం వేరు, కప్పబడటం వేరు. చాచా ఇంట్లో పరదా మార్చింది ఆ ఇంటి ఇల్లాలే. తన పరువును తానే కాపాడుకుంది. ఢిల్లీ తెర వెనక ఉన్నవారిని ఎవరూ అడగలేదు. ఇంకొక సంగతి, కప్పమన్నది లోపాన్ని, తప్పును. పేదరికం తప్పు కాదు. రోజంతా ఇటుకలు మోసి, ఇళ్ళలో అంట్లు తోమి బతికేవాడి గుడిసెలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. సిగ్గుపడవలసింది ఏదైనా ఉంటే, ఇన్నేళ్ళయినా ఆ గుడిసెకు మంచినీళ్ళ కుళాయి వేయించని వారిదే. అప్పుడు ఆ తెర ఎవరి లోపాన్ని కప్పినట్లు? కట్టించినవారి లోపాన్నే.

మన తెలుగు నేల మీద ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. 2017 నవంబరు 28 నుంచి 30 వరకు హైదరాబాదులో ప్రపంచ పారిశ్రామికవేత్తల శిఖరాగ్ర సదస్సు జరిగింది. మన ప్రధాని ప్రారంభించారు. అమెరికా అధ్యక్షుని కుమార్తె ఇవాంకా ట్రంప్ తమ దేశ బృందానికి నాయకత్వం వహించి వచ్చారు. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో విందు జరిగింది. మహిళలకు తొలి స్థానం ఇవ్వాలన్నది సదస్సు అంశం. దానికి మూడు వారాల ముందు, నవంబరు 8 నుంచి 2018 జనవరి 7 వరకు నగరంలో భిక్షాటన నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వు వెలువడింది. కూడళ్ళలో చేయి చాచేవారిని, వారిలో స్త్రీలను కూడా, జైళ్ళ శాఖ నడిపే ఆశ్రమాలకు తరలించారు. 2000 మార్చిలో క్లింటన్ వచ్చినప్పుడు కూడా నగరం ఇలాంటి తరలింపునే చూసింది.

న్యాయంగా మాట్లాడాలి. ఆ ఆశ్రమాల్లో అన్నం, నీడ కల్పించామని అధికారులు చెప్పారు. భిక్షాటనను ఇస్లాం కూడా మెచ్చుకోదు. పైచేయి కింది చేయి కంటే మేలని మనం పిల్లలకు నేర్పుతాము. కాని ఒక్క మాట ఆలోచించండి. అడుక్కోవడం తప్పయితే రెండు నెలలే తప్పా? జనవరి 8న అది ఒప్పయిపోతుందా? ఉత్తర్వుకు గడువు తేదీ పెట్టినప్పుడే ఆ ఉత్తర్వు ఎవరి కోసమో తెలిసిపోయింది.

దైవప్రవక్త (స) దగ్గరికి ఒక అన్సారీ యాచనకు వచ్చిన సంఘటన హదీసు గ్రంథాల్లో ఉంది. ఇంట్లో ఏముందని ఆయన అడిగారు. కప్పుకోవడానికీ పరుచుకోవడానికీ ఒకే ముతక గుడ్డ, నీళ్ళు తాగే గిన్నె ఒకటి ఉన్నాయన్నాడు. వాటిని తెప్పించి, సహాబీల మధ్య స్వయంగా వేలం వేసి రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటివారికి తిండి కొనమన్నారు. రెండో దానితో గొడ్డలి కొని తెమ్మన్నారు. దానికి తమ చేతులతోనే కర్ర బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజుల దాకా నాకు కనిపించకు అని పంపారు. గమనించండి, అక్కడ కూడా ఆ మనిషి పదిహేను రోజులు కంటికి కనిపించలేదు. కాని చేతిలో గొడ్డలితో కనిపించకుండా పోయాడు. తిరిగి వచ్చేసరికి అతని దగ్గర పది దిర్హములు ఉన్నాయి. యాచకుణ్ణి వీధి నుంచి తొలగించే పద్ధతి ఇదీ. దీనికి గొడ్డలికి కర్ర బిగించే ఓపిక కావాలి. తెర కట్టడానికి అది అక్కరలేదు.

ఇక అతిథుల సంగతి. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) ఇంటికి అపరిచితులు వచ్చినప్పుడు ఆయన చడీచప్పుడు లేకుండా లోపలికి వెళ్ళి, కాల్చిన దూడను తెచ్చి ముందుంచారు. వచ్చింది ఎవరో, ఏమి ఒప్పందం చేసుకుంటారో ఆయనకు తెలియదు. చప్పుడు చేయకపోవడంలోనే ఆతిథ్యపు మర్యాద ఉందని మన పెద్దలు వ్యాఖ్యానించారు. మన కాలంలో ఆతిథ్యం సగం ఫొటోల కోసమే నడుస్తోంది. అది వేరే కథ.

పెద్దవారు ఎదుట కూర్చుని ఉండగా పేదవాడు వస్తే ఏం చేయాలన్న ప్రశ్నకు కూడా దివ్య ఖుర్ఆన్‌లో సమాధానముంది. మక్కాలో ఖురైషు నాయకులతో దైవప్రవక్త (స) మాట్లాడుతున్నారు. వారు వింటే ఊరంతా వింటుందన్న ఆశ ఆయనది. అదీ స్వార్థం లేని ఆశ. సరిగ్గా అప్పుడే అంధుడైన అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూం (రజియల్లాహు అన్హు) వచ్చి, నాకు నేర్పండని అడిగారు. ఆయన ముఖం చిట్లించారు. ఆ చిట్లింపును అంధుడు చూడలేడు. అయినా దాని మీద 'అబస' సూరా అవతరించింది. తన ప్రియతమ ప్రవక్తను కూడా అల్లాహ్ ఆ విషయంలో హెచ్చరించి వదిలాడు. ఆ తరువాత దైవప్రవక్త (స) ప్రయాణాలకు వెళుతూ మదీనా బాధ్యతను ఆ అంధ సహాబీకే అప్పగించిన సందర్భాలున్నాయి. చూడలేని మనిషి ఎదుట నుదురు ముడవడానికే అంత లెక్క ఉంటే, చూడగలిగిన వేలమంది ముందు తెర కట్టడానికి ఎంత లెక్క ఉండాలి?

మరుసటి జుమాకు మేము ఇదంతా చెప్పాము. చాచా తల ఊపాడు కాని ఒప్పుకోలేదు. "వ్యాపారం మాట వేరు మౌల్వీ సాబ్. వాళ్ళు పెట్టుబడి పెట్టేవాళ్ళు. సరుకు చక్కగా కనపడాలి" అన్నాడు.

ఆయన మిల్లు గుమాస్తా కాబట్టి ధాన్యం భాషలోనే చెప్పవలసి వచ్చింది. మదీనా బజారులో దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వర్షానికి తడిసిందని వ్యాపారి చెప్పాడు. మరి దాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు మనవాడు కాడని స్పష్టం చేశారు. ధాన్యం తడవడం నేరమని ఆయన అనలేదు. వాన అల్లాహ్ చేతిలోది. నేరమల్లా ఎండిన గింజల్ని పైన పరచడంలో ఉంది.

ఈ మాట కృష్ణా డెల్టా రైతుకు వివరించనక్కరలేదు. ఢిల్లీ సదస్సు ముగిసిన మూడు నెలలకు, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతల వేళ. పనలు నీళ్ళలో నానాయి. రైతులు రోడ్ల మీద పట్టాలు పరచి ధాన్యం ఎండబెట్టుకున్నారు. కొనుగోలు కేంద్రంలో మిషను పెట్టి చూస్తారు, తేమ 17 శాతం దాటితే కొనరు. ఆ రైతు ఒక బస్తాలో తడి గింజలు అడుగున పెట్టి పైన ఎండువి పోస్తే దొంగ అంటారు. నిజమే, అనాలి. అదే పని పెద్ద ఎత్తున చేస్తే దానికి సుందరీకరణ అని పేరు!

చాచా అప్పుడు నవ్వాడు. ఆ నవ్వులో ఒప్పుకోలు ఉంది.

మేము సదస్సులకు వ్యతిరేకం కాము. దేశాలు కలిసి కూర్చోవడం మంచిదే. ఆ 2023 సదస్సులోనే ఆఫ్రికా సమాఖ్యకు శాశ్వత సభ్యత్వం లభించింది. అప్పటిదాకా గుమ్మం బయట ఉన్నవారికి బల్ల దగ్గర కుర్చీ దొరికింది. మంచిలోనూ దైవభీతిలోనూ సహకరించుకోండి, పాపంలోనూ దౌర్జన్యంలోనూ వద్దు అన్నదే మన ఆదేశం. దైవప్రవక్త (స) తమ యౌవనంలో, ప్రవక్త పదవికి ముందే, అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట్లో జరిగిన ఒక ఒప్పందంలో పాల్గొన్నారు. యెమెన్ వైపు నుంచి వచ్చిన ఒక వర్తకుని సరుకు తీసుకుని మక్కా పెద్ద ఒకడు డబ్బు ఎగ్గొడితే, బాధితుని పక్షాన నిలబడతామని చేసుకున్న ప్రమాణమది. తరువాతి కాలంలో కూడా, అలాంటి దానికి పిలిస్తే ఇప్పుడైనా వెళతానని ఆయన అన్నారు. అదీ ఆర్థిక సహకారమే. అందులో మొదటి కుర్చీ నష్టపోయిన పరదేశిది.

పరదేశి వర్తకం మన బందరుకు కొత్త కాదు. గోల్కొండ నవాబుల కాలంలో ఇది పెద్ద రేవు. డచ్చివారు వచ్చారు. 1611లో ఇంగ్లీషువారు వచ్చి గిడ్డంగి పెట్టారు. ఎన్నో సదస్సులు చేయగల ఊరే. అదే ఊరు 1864 నవంబరు 1న ఉప్పెనలో దాదాపు ముప్పై వేల మందిని పోగొట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ మునిగింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ తరువాత దేశదేశాల నుంచి జనం వచ్చారు. వారి కోసం ఎవరూ తెరలు కట్టలేదు, కట్టడానికి నిలబడిన గుంజ లేదు. చూసినవారు చూసినట్లే చూశారు, ఇచ్చినవారు ఇచ్చారు. ఇళ్ళు లేచాయి, తుఫాను షెల్టర్లు లేచాయి. ఉన్నది ఉన్నట్లు చూపితే అతిథి పారిపోతాడనే వారు నాగాయలంక వైపు ఒకసారి వెళ్ళి రావాలి.

పాఠక సోదరులారా! ఢిల్లీ గురించి, హైదరాబాదు గురించి ఇంత రాసిన చేత్తో మా సంగతి కూడా రాయకపోతే అది కూడా పైన ఎండు గింజలు పరచడమే అవుతుంది. ధనవంతులను పిలిచి పేదలను వదిలేసే వలీమా విందు అన్ని విందుల్లోకీ చెడ్డదని మనకు తెలుసు. అయినా మన ఫంక్షన్ హాళ్ళ గేటు దగ్గర ఫకీర్లను అదిలించడానికి ఒక మనిషిని పెడతాము. మేము అంతకంటే తక్కువ పని చేయలేదు. సుమారు పదేళ్ళ క్రితం మేము పాఠాలు చెబుతున్న ఒక మదరసాకు వార్షిక జల్సా రోజున ఒక దాత వచ్చారు. కొత్త కుర్తాలు కొందరు పిల్లలకే సరిపోయాయి. మిగిలినవారు, ఎక్కువమంది దివిసీమ వైపు బెస్తపాలెం పిల్లలు, వంటగది వెనక వరండాలో కూర్చోవాలని నిర్ణయమైంది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న జాబితా రాసింది మేమే. దాత సంతోషించారు. గదులు కట్టించారు. ఆ గదుల్లో ఇప్పటికీ పిల్లలు చదువుకుంటున్నారు, కాబట్టి మేలు జరగలేదని అనలేము.

కారు వెళ్ళిపోయాక వరండాలో నుంచి ఒక పిల్లవాడు తల బయటికి పెట్టి అడిగాడు: "హజ్రత్, సేఠ్ గారు వెళ్ళిపోయారా? ఇక మేము బయటికి రావచ్చా?"

ఈ సంగతి చెప్పినప్పుడు చాచా చాలాసేపు పేపరు మడతలు సరిచేసుకుంటూ కూర్చున్నాడు. ఆ పిల్లవాడు ఇప్పుడేం చేస్తున్నాడని అడిగాడు. పడవ ఇంజన్లు రిపేరు చేస్తున్నాడని చెప్పాము. మొన్న అవనిగడ్డ బస్టాండులో కనిపించి సలాం చేశాడు, టీ ఇప్పించాడు. డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు. ఆ రోజు మాట మేము ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.