ఎండంటే ఇష్టమేనా?

"ఎండంటే ఇష్టమనే మనిషిని నిన్నే చూశాను" అన్నారు మావారు, నేనేదో కాకరకాయతో పాయసం చేస్తానన్నట్టు మొహం పెట్టి.

ఏం చెయ్యను? నా పుట్టిల్లు దుత్తలూరు. నెల్లూరు జిల్లాకి పడమటి కొసన, ఉదయగిరి పక్కన. నెల్లూరనగానే మీకు పచ్చటి వరిచేలూ, చేపల పులుసూ గుర్తుకొస్తాయేమో. మా వైపు ఆ వైభోగం లేదు. అంతా మెట్ట. పడమటి దిక్కున వెలిగొండలు. దేశమంతా జూన్లో వానలో తడుస్తుంటే మాకింకా వడగాలే. మా జిల్లాకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే కురుస్తుంది. అందాకా ఆకాశం వైపు చూడ్డమే పని. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత మా ఊళ్ళోనే పుట్టి ఉంటుందని నా అనుమానం.

అయినా నాకిష్టం. ముప్ఫయ్యేళ్ళు బెంగుళూరు చల్లదనంలో కాపురం చేసి కూడా, మావారు రిటైరయ్యాక అక్కడికే పోదామని పేచీ పెట్టాను.

నా వాదనకి బలం మా అమ్మాయి దగ్గర దొరికింది. దానిది కాలిఫోర్నియాలో శాక్రమెంటో. ఒక జూలైలో అక్కడికి వెళ్ళాం. చుట్టూ కొండల మీద గడ్డి ఎండి పసుప్పచ్చగా ఉంది. అచ్చం మా ఉదయగిరి దారే! అక్కడా వేసవిలో వానుండదు, వానలన్నీ చలికాలంలోనే. ఇటలీ, గ్రీసు, ఆ మధ్యధరా సముద్రం చుట్టుపక్కలంతా ఇదే తీరట. పొడి ఎండ. చెమటతో జిడ్డు కారే బాధ లేదు. సాయంత్రానికి సముద్రం వైపు నుంచి చల్లగాలి. మావారు పెరట్లో కుర్చీ వేసుక్కూచుని, "ఆహా, ఏం వాతావరణమోయ్!" అన్నారు. నేను వెంటనే అందుకున్నాను. "ఇదే ఎండ దుత్తలూర్లో ఉంటే మాత్రం చేదా?"

ఆయన మాట్లాడలేదు. నేనే గెలిచాననుకున్నాను.

మర్నాడు కారులో పోతుంటే రోడ్డు పక్క తోటలో కూలీలు కనిపించారు. మొహాలకి గుడ్డలు చుట్టుకుని, నెత్తిన టోపీలతో, నడుములు వంచి పని చేస్తున్నారు. అదే ఎండ. మా పెరట్లో "ఆహా" అనిపించిన ఎండే. ఎండదెబ్బకి కూలీలు చచ్చిపోతుంటే, 2005లో ఆ రాష్ట్రంవాళ్ళు పనిచోట నీళ్ళూ, నీడా, విశ్రాంతీ ఇచ్చి తీరాలని నిబంధన పెట్టారని అమ్మాయి చెప్పింది. చిత్రమేమిటంటే అదే 2005లో మన దేశంలో చేసిన ఉపాధి హామీ చట్టంలోనూ పనిచోట తాగేనీళ్ళు, పిల్లలకి నీడ ఉండాలని రాశారు. నీళ్ళూ నీడా కూడా చట్టం చేసి ఇప్పించాల్సి వచ్చిందన్నమాట!

అప్పట్నుంచీ నా ఇష్టం మీద నాకే అనుమానం మొదలైంది.

ఇష్టాయిష్టాల మీద తగువేమిటంటారా? నిజమే. నాకు కాకరకాయ ఇష్టం, మీకు కాదు. దానికి పంచాయితీ అక్కర్లేదు. కాని కాకరకాయ చేదు తినేది నేనే. ఎండ సంగతి అట్లా కాదు.

చిన్నప్పుడు మా ఇల్లు మధ్యాహ్నం ఎంత చల్లగా ఉండేదో! వసారాకి వట్టివేళ్ళ తడికెలు. గంటకోసారి వాటిమీద నీళ్ళు చల్లితే ఇల్లంతా కమ్మటి వాసన. మూలన ఇసక మీద కొత్త కుండ. రాత్రికి వాకిట్లో నీళ్ళు చిలకరించి నులక మంచాలు. ఈ తడి ఆరుతూ ఆరుతూ వేడిని పట్టుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. చెమ్మగాలి వీచే సముద్రపు ఒడ్డున ఈ ఉపాయం ఇంత బాగా పారదు. అందుకే పొడి ఎండ గొప్పదని నేను లెక్చరు దంచేదాన్ని.

ఆ లెక్కలో ఒకటి మర్చిపోయాను. ఆ చల్లదనమంతా నీళ్ళతో కొన్నది. నీళ్ళు మోసిందెవరు? అమ్మ! ఊరి బావి అడుగంటితే, తెల్లవారకముందే లేచి పొలాల్లో బావిదాకా పోయి, చంకనొకటి, నెత్తినొకటి. నేను తడికె చాటున పుస్తకం చదువుకుంటూ ఎండని ప్రేమించాను.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మనే అడిగాను. "అమ్మా, ఎండంటే నీకిష్టమా?"

అమ్మ నవ్వింది. "ఇష్టమా? నన్నెవురడిగినారమ్మే?" కాసేపాగి, "తెల్లారుజామున వేపచెట్టు కింద గాలి మాత్రం బాగుంటాది. నిలబడి పీల్చేదానికి తీరికుంటేనా!" అంది.

అమ్మకీ ఆ ఊరిగాలి ఇష్టమే. తీరికే లేదు. నాకు తీరిక ఉంది. ఆ తీరిక ఆమె ఇచ్చిందే.

నేను వచ్చి ఉంటానన్న మాట బయటపెడితే అమ్మ ఇంకో ముక్క అంది. "నువ్వొస్తే నాకు సంతోషమే. మీ వదినకు ఇంకో నాలుగు బిందెలు ఎక్కువవతాయి, అంతే."

ఇప్పుడు బావి లేదు, కుళాయి ఉంది. వేసవిలో అది రోజు విడిచి రోజు వస్తుంది. ఆ వేళకి కాచుకుని పట్టేదీ, తొట్టి నింపేదీ వదినే. నాకు నోట మాట రాలేదు.

అయితే ఎవరూ దేన్నీ ఇష్టపడకూడదా? నేనట్లా అనను. ఏ సుఖం వెనక చూసినా ఎవరిదో ఒకరి చెయ్యి ఉంటుంది. అన్నీ లెక్కవేసుక్కూచుంటే కాఫీ కూడా గొంతు దిగదు. కాని ఒక ఊరిని, ఒక వాతావరణాన్ని ఎంచుకునేటప్పుడు, దాని బరువు ఎవరి నెత్తిన పడుతుందో చూడకపోతే అది ఇష్టం కాదు, పెత్తనం. 2015 మే నెలలో మన రెండు రాష్ట్రాల్లో వడదెబ్బకి వెయ్యిమందికి పైగా పోయారు. ఎక్కువమంది ముసలివాళ్ళూ, ఎండలో కూలికి పోయేవాళ్ళూ. ఎండంటే ఇష్టమో కాదో చెప్పుకునే తీరిక వాళ్ళకెక్కడిది?

అందుకని మావారితో రాజీకొచ్చాను. ఈ మే నెల నేను దుత్తలూర్లో ఉంటాను. వదిన వచ్చి బెంగుళూర్లో ఉంటుంది. అక్కడ కుళాయి దగ్గర కాపలా, తొట్టి నింపడం, అమ్మకి మజ్జిగ, గోడ బయట దారినపోయేవాళ్ళకి ఓ కుండ, అన్నీ నావే.

"నెల తర్వాత కూడా ఇష్టమేనంటావా?" అని మావారు నవ్వుతున్నారు.

ఏమో! జూన్ ఒకటిన చెప్తాను. వదిన్ని మాత్రం ఇప్పుడే అడిగాను, "నీకెక్కడుంటే ఇష్టం వదినా?" అని. ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు.

"ఆలోచించుకుని చెప్తాలే" అంది చివరికి.