గడప దగ్గరి చూపు

మా మేనల్లుడు కరీంనగర్ నుంచి వచ్చి గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరాడు. ఏడాది తిరిగేసరికి జీతం పెరిగింది. ఆ శనివారం రాత్రి ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని జూబ్లీహిల్స్‌లో ఒక పబ్‌కి బయల్దేరాడు. "నువ్వు కూడా రా మామా, కాసేపు కూర్చుని పోదువు" అని పట్టుబట్టాడు. వాడి సంబరం చూడాలని నేనూ వెళ్లాను.

వాకిట్లో ఎర్రతాడు కట్టి ఉంది. దాని పక్కన నల్లచొక్కా బౌన్సర్. అతని చూపు ముందు మావాడి కాళ్ల మీద వాలింది. చెప్పుల నుంచి ప్యాంటుకి, ప్యాంటు నుంచి చొక్కాకి, చివరికి ముఖానికి ఎక్కింది. అంతా కలిపి రెండు సెకన్లు పట్టి ఉంటుంది. "స్టాగ్ ఎంట్రీ లేదు బ్రదర్" అన్నాడు, అంటే ఆడతోడు లేని మగవాళ్లకి ప్రవేశం లేదని. "కవర్ చార్జి ఎంతైనా కడతామన్నా" అన్నాడు మావాడు. "ఈ రోజు కపుల్సే." సరేనని పక్కకి జరిగాం. క్యాబ్ కోసం చూస్తుండగానే ఒక పెద్ద కారు ఆగింది. నలుగురు కుర్రాళ్లు దిగారు. వాళ్ల వెంటా ఆడపిల్లలెవరూ లేరు. ఇంగ్లిష్‌లో ఏదో ఒక మాట, చిన్న నవ్వు. తాడు కొక్కెం ఊడింది, మణికట్లకి కాగితపు బ్యాండ్లు పడ్డాయి, నలుగురూ లోపలికి వెళ్లిపోయారు.

మావాడు ఎవర్నీ ఏమీ అనలేదు. వంగి తన కాళ్లకేసి చూసుకున్నాడు.

ఆ చూసుకోవడం నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. ఆ రాత్రి వాడికి దక్కనిదేమిటి? పానీయమా, పాటా? అవి ఊళ్లో ఇంకెక్కడైనా దొరుకుతాయి. "ఎందుకు" అని అడిగితే నిజమైన జవాబు రాదని వాడికి తెలిసిపోయింది. కపుల్స్‌కే అన్న నియమం పది నిమిషాలకే అబద్ధమని తేలింది. అబద్ధం తేలిపోయాక మిగిలింది ఆ రెండు సెకన్ల చూపు ఒక్కటే. తప్పు చేసినవాణ్ణి శిక్షించేటప్పుడు కూడా ముందు నేరం చదివి వినిపిస్తారు. ఇక్కడ నేరం చదవలేదు, తీర్పు మాత్రం చెప్పారు. అలాంటప్పుడు మనిషి నేరాన్ని తనలోనే వెతుక్కుంటాడు. నా రంగా? నా యాసా? నా చెప్పులా?

ఈ వాకిళ్ల లెక్క తెలియనిది కాదు. లోపల ఆడ, మగ సంఖ్య ఎలా ఉండాలో మేనేజరు చెబుతాడు. దాన్ని వాళ్ల భాషలో రేషియో అంటారు. గెస్ట్ లిస్ట్‌లో పేరుంటే ఒక దారి, పెద్ద బిల్లు అయ్యే టేబుల్ బుక్ చేసుకుంటే ఇంకో దారి, ఊరికే వచ్చి నిలబడితే మరో దారి. ఒంటరిగా వచ్చిన మగవాణ్ణి ఆపడానికి చెప్పే కారణం ఆడపిల్లల భద్రత. ఈ కారణాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. రద్దీలో తగిలే చెయ్యి, వద్దన్నా వెంటపడే కళ్లు ఎంత నిజమో ఏ అమ్మాయినడిగినా చెబుతుంది. కానీ భద్రతే కారణమైతే, కారు దిగిన ఆ నలుగురి వల్ల రాని ప్రమాదం నడిచొచ్చిన ఈ ముగ్గురు కుర్రాళ్ల వల్ల ఎలా వస్తుంది? లోపల ఒకడు చెయ్యి వేస్తే వాణ్ణి మెడపట్టి బయటికి పంపడం భద్రత. ఇంకా ఏమీ చెయ్యనివాణ్ణి బట్టలు చూసి ఆపడం దేనికి? 2007లో అనూజ్ గార్గ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకి ఇలాంటి ప్రశ్నే వచ్చింది. మద్యం తాగే చోట్ల స్త్రీలు పనిచెయ్యకూడదన్న పాత పంజాబ్ ఎక్సైజు నిబంధన చెల్లదని కోర్టు తేల్చింది. రక్షించాలంటే రక్షణ ఏర్పాట్లు చెయ్యాలి, రక్షణ పేరు చెప్పి తలుపు వెయ్యకూడదన్నది ఆ తీర్పు సారం.

ఇంకొంచెం లోతుకి వెళ్తే ఈ నియమం స్త్రీనీ వదల్లేదని అర్థమవుతుంది. పక్కన అమ్మాయి ఉంటేనే అబ్బాయికి దారి అన్నప్పుడు ఆ అమ్మాయి అతని చేతిలో టికెట్ అయింది. లేడీస్ నైట్ పేరుతో ఆమెకి ఉచితమన్నప్పుడు, డబ్బు కట్టి వచ్చేవాళ్లకి చూపించే ఆకర్షణ అయింది. ఆమె మనిషిగా వచ్చిందని ఎవరనుకున్నారు?

మరి ఆ బౌన్సర్ మీద కోప్పడదామా? ఆ రాత్రి మేం పబ్ ఎదుట టీ బండి దగ్గర నిలబడి ఉంటే అక్కడికి ఇంకో బౌన్సర్ వచ్చాడు. మమ్మల్ని ఆపడం చూసినట్టున్నాడు, తనే మాట కలిపాడు. "ఏమనుకోకండి సార్. లోపల లెక్క తప్పితే మమ్మల్నే తిడతరు. మా తమ్ముడొచ్చినా ఇంతే." "నువ్వెప్పుడైనా సెలవు రోజున ఇక్కడికి వచ్చావా?" అని అడిగాను. గ్లాసు కింద పెట్టి, "నన్నెవరు పోనిస్తరు సార్" అన్నాడు. ఆ మాటలో బాధ కూడా లేదు, ఎండగా ఉందని చెప్పినట్టు చెప్పాడు. తనలాంటివాణ్ణి ఆపడానికే జీతం తీసుకునే మనిషి అతను.

పోతన భాగవతం మూడో స్కంధంలో వైకుంఠం వాకిట్లోనూ ఇదే జరిగింది. సనకసనందనాదులు ఆరు వాకిళ్లు దాటి ఏడోదాని దగ్గరికి వచ్చారు. ఒంటిమీద బట్ట లేదు, చూడబోతే ఐదేళ్ల పిల్లల్లా ఉన్నారు. కావలివాళ్లైన జయవిజయులు బెత్తం అడ్డం పెట్టారు. మునులు శపించారు. ఆ కథలో నాకు నచ్చేది శాపం కాదు, ఆ తర్వాత విష్ణువు చేసిన పని. స్వయంగా నడిచి వాకిట్లోకి వచ్చి, సేవకులు తప్పు చేస్తే లోకం చెప్పుకునేది యజమాని పేరే గనక ఆ తప్పు తనదేనన్నాడు. మన వాకిళ్ల యజమానులు ఎక్కడున్నారు? అవమానం బౌన్సర్ నోట పలికిస్తారు, తిట్లు అతని ముఖాన పడేలా చూస్తారు. తాము మాత్రం కనపడరు.

"ప్రవేశం మా ఇష్టం" అనే బోర్డు పాత సినిమాహాళ్ల నుంచి కొత్త పబ్‌ల దాకా చూస్తూనే ఉన్నాం. నిజంగా అంత ఇష్టం వాళ్లకి ఉందా? 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో నేటి 15వ అధికరణం చర్చకి వచ్చింది. దుకాణాలు, భోజనశాలలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుణ్ణీ రానివ్వకుండా ఆపకూడదని అందులో ఉంది. ఆ వెంటనే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు వస్తాయి. బావి, హోటలు ఒకే అధికరణంలో పక్కపక్కన ఎందుకున్నాయో మన ఊళ్లలో టీకొట్ల రెండు గ్లాసుల పద్ధతి ఎరిగినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. దుకాణం అన్న మాటని ఇరుగ్గా తీసుకోవద్దని, సేవ అందించే ప్రతి చోటూ దాని కిందికి వస్తుందని ఆ రోజు అంబేడ్కర్ వివరించారు. అంటరానితనాన్ని రద్దు చేసిన అధికరణాన్ని కూడా సభ ఆ రోజే ఆమోదించింది.

అయితే ఇప్పటి వాకిలి నేర్చుకుంది. అది కులం అడగదు, చెప్పులు చూస్తుంది. ఊరు అడగదు, యాస వింటుంది. 2016లో కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లో తన కారు డ్రైవరుతో కలిసి భోంచెయ్యడానికి వెళ్లిన ఒక మహిళకి ఒక పేరున్న రెస్టారెంట్ టేబుల్ ఇవ్వలేదన్న ఆరోపణ దేశమంతా చర్చకి వచ్చింది. 2014లో చెన్నైలో పంచెతో వెళ్లిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తినే ఒక క్లబ్బు గుమ్మంలో ఆపారు. ఆ ఏడే తమిళనాడు పంచెకట్టుని అడ్డుకోవడం నేరమని చట్టం చేసింది. న్యాయమూర్తిని ఆపితే చట్టం వచ్చింది. డ్రైవర్ని ఆపితే నాలుగు రోజులు మాట్లాడుకున్నాం. పేదరికం 15వ అధికరణం జాబితాలో లేదు. చూపుకి దొరికే సందు అదే.

నలుగురు చేరే చోటికి ఒక తీరు ఉండొద్దా, ఎంచుకునే స్వేచ్ఛ ఉండొద్దా అని అడిగేవాళ్లున్నారు. బెర్లిన్‌లో బెర్గ్‌హైన్ క్లబ్బు కారణం చెప్పకుండానే ఎందరినో వెనక్కి పంపుతుంది. బయట ఎగతాళికి గురయ్యే స్వలింగ ప్రేమికులు లోపల నిర్భయంగా ఉండాలంటే వచ్చేవాళ్లని చూసి పంపక తప్పదని దాన్ని సమర్థించేవాళ్లు అంటారు. ఆ వాదంలో బలం ఉంది. తలుపు కొన్నిసార్లు బలహీనుడికి కాపలా. కానీ న్యూయార్క్‌లో 1977లో తెరిచిన స్టూడియో 54 డిస్కో క్లబ్బు సంగతి చూడండి. యజమానుల్లో ఒకడైన స్టీవ్ రూబెల్ తనే వాకిట్లో నిలబడి మనుషుల్ని ఏరేవాడు. ఆ ఏడాది చివరి రాత్రి నైల్ రోజర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి సంగీతకారుల్ని, గాయని గ్రేస్ జోన్స్ పిలిస్తే వచ్చినవాళ్లని, గుమ్మంలోంచే పంపేశారు. వాళ్లు ఇంటికెళ్లి ఆ కోపంలోంచే పాట కట్టారు. మరుసటి ఏడు 'లె ఫ్రీక్' పేరుతో అది అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. డిస్కో సంగీతం పుట్టిందే నల్లవాళ్లు, లాటినోలు, స్వలింగ ప్రేమికులు ఆడిన నేల మీద. పాటకి గడప అడ్డం లేదు, పాట కట్టినవాడికి ఉంది.

కాపాడే తలుపునీ, అవమానించే తలుపునీ ఎలా విడదీస్తాం? నాకు తోచిన గీటురాయి ఒకటే. ఆపడానికి గల కారణాన్ని ఆ మనిషి కళ్లలోకి చూసి, పదిమంది వినేలా చెప్పగలమా? "తాగి తూలుతున్నావు, ఈ రాత్రికి వద్దు" అని చెప్పగలం. "లోపల చోటు నిండింది" అని చెప్పగలం. "నీకు ఇరవై ఒకటి నిండలేదు" అని చెప్పగలం. "నువ్వు పేదవాడిలా కనిపిస్తున్నావు" అని చెప్పగలమా? బయటికి చెప్పడానికి సిగ్గుపడే కారణంతో మనిషిని ఆపకూడదు. నా ఇంటికి ఎవర్ని పిలుచుకోవాలో నా ఇష్టం. వీధిలో బోర్డు కట్టి, దీపాలు వెలిగించి రమ్మన్నాక, ఆ పిలుపు పేరు తెలియనివాడికి కూడా అందుతుంది. తిథి చెప్పకుండా వచ్చేవాడే అతిథి అని మన భాష చెబుతుంది. పేరు ముందే రాసి ఉన్నవాణ్ణే అతిథి అనడం గెస్ట్ లిస్ట్ నేర్పిన కొత్త అర్థం. అతిథిని దేవుడన్న ఇళ్లే కొందరిని కంచె అవతల నిలబెట్టాయన్నది మరవకుండానే ఈ మాట అంటున్నాను. ఆ పాత కంచె తీసి కొత్త తాడు కడుతున్నామేమో అన్నదే నా భయం.

లోపలున్నవాళ్లం కూడా ఒకటి తేల్చుకోవాలి. మణికట్టుకి బ్యాండు పడగానే కలిగే ఆనందంలో ఎంత భాగం పాటది, ఎంత భాగం బయట నిలబడ్డవాడిది? ఎవరూ ఆగిపోకపోతే ఆ బ్యాండుకి విలువ ఉండేదా?

పోతన కుచేలుడు ద్వారకకి బయల్దేరేటప్పుడు కృష్ణుడు గుర్తుపడతాడా అనేదాని కంటే ముందు వాకిలి గురించి దిగులుపడతాడు. కావలివాళ్లు ఎవడివని అడ్డుకుంటే చేతిలో పెట్టడానికి కూడా తన దగ్గర ఏమీ లేదే అనుకుంటాడు. పేదవాడి మనసు తెలిసిన కవి రాసిన దిగులు అది. అదృష్టవశాత్తూ ఆ రోజు కుచేలుణ్ణి ఎవరూ ఆపలేదు. ఆపి ఉంటే కొంగులో అటుకులు కొంగులోనే ఉండేవి. లోపల మంచం మీద కూర్చున్న మిత్రుడికి ఏం పోగొట్టుకున్నాడో ఎప్పటికీ తెలిసేది కాదు.

మావాడు మరుసటి వారమే నల్లటి బూట్లు కొన్నాడు. ఆ పబ్‌కి మళ్లీ వెళ్లలేదు. కానీ ఇప్పుడు ఎక్కడికి బయల్దేరినా, మా ఇంటికి భోజనానికి వచ్చేటప్పుడు సైతం, ఆ బూట్లే వేసుకుంటున్నాడు. మొన్న గుమ్మంలో వాటిని విప్పుతూ ఒక్క క్షణం తలెత్తి నా ముఖంలోకి చూశాడు. "లోపలికి రారా" అన్నాను. ఆ మాట ఇంతకు ముందెప్పుడూ వాడికి చెప్పాల్సి రాలేదు.